గీత దాటిన కారు మీద గరిటె

మా ఊరి సముద్రపు గాలి ఇనుముని తినే తీరు చెబితే బయటివాళ్ళు నమ్మరు. సాయంత్రం పెరట్లో మేకుల డబ్బా మరిచిపోయి పడుకుంటే, తెల్లారేసరికి డబ్బా ఉండదు, మేకులూ ఉండవు, గుప్పెడు ఎర్రపొడి ఉంటుంది. మా పక్కింటాయన ఇనప గేటు ఒక వానాకాలంలో ఎంత పలచబడిందంటే, ఆయన కుక్క దాన్ని తోసుకుని వెళ్ళడం మానేసి దాంట్లోంచే వెళ్ళడం మొదలుపెట్టింది. నా మొదటి కారు సంగతి సరేసరి. కాళ్ళ కింద రేకంతా రాలిపోయి, బ్రేకు పడనప్పుడల్లా పాదాలు రోడ్డుకి ఆనించి ఆపుకునేవాణ్ణి. చెప్పుల ఖర్చు పెట్రోలు ఖర్చుని దాటిపోయాక, ఇక లాభం లేదని దాన్ని తోసుకుంటూ గరిటె మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళాను.

కుక్క దగ్గరా, చెప్పుల దగ్గరా కాస్త ఉప్పూ కారం కలిపాననుకోండి. ఇకమీద చెప్పేదాంట్లో కలపాల్సిన అవసరం లేదు.

మేస్త్రి షెడ్డు మా వీధి చివర, రేవుకి పోయే రోడ్డు మలుపులో ఉంది. రేకుల కప్పు, మూడు పక్కలా గోడలు, నాలుగో పక్క ఏమీ లేదు. లోపల గోడకి సుత్తులు, రేకు కత్తెరలు, వాటి పక్కన పాత కారు తలుపులు వేలాడుతుంటాయి. ఆ తలుపులన్నిటికీ అడుగుభాగం ఉండదు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డ మనుషుల్లా ఉంటాయి. మేస్త్రి పొడుగ్గా, ఎండుగా, చెవులు మాత్రం విశాలంగా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ ఏనాడో వెల్డింగు మంటకి పోయింది. అందుకని ఎప్పుడూ ఒకవైపు అనుమానంగా చూస్తున్నట్టుంటాడు. నిజానికి రెండువైపులా అనుమానమే.

కారు వస్తే యజమానిని ఏమీ అడగడు. "తుప్పు ఎక్కడుందో నేను చూపిస్తానండీ" అని వాళ్ళు వంగబోతే ఆపేస్తాడు.

"మీకు కనబడేది తుప్పు కాదు. అది బయటికొచ్చి ఉమ్మేసిన ఎంగిలి. అసలుది లోపల కూర్చుని భోంచేస్తోంది. కాస్త జరగండి."

అప్పుడు మేకుకి వేలాడుతున్న గరిటె తీస్తాడు. ఇనప గరిటె, మూరెడు కాడ, గిన్నె ఒక పక్క విరిగిపోయింది. కాడ చివరతో కారు ఒళ్ళంతా కొట్టుకుంటూ పోతాడు, చెవి రేకుకి ఆనించి. మంచి ఇనుము టంగ్ మంటుంది. పైన లప్పం పూసి గుంట పూడ్చిన చోట దబ్ మంటుంది. తుప్పు తినేసిన చోట ఏమీ అనదు. "కూసే చోట భయం లేదు. ఏమీ అనని చోటే భయపడాలి" అనేవాడు. ఆ చోట సుద్దముక్కతో గీసి, గీసినంత మేరా కోసి పారేసేవాడు. తెల్లగా మెరిసే ఇనుము కనబడేదాకా కొయ్యడం, కొత్త రేకు అతకడం, ఎర్రటి ప్రైమరు కొట్టడం. కోతంటే యజమానులకి గుండె దడ. "వేలెడు పొక్కు చూపిస్తే మూరెడు కోశావేమిటయ్యా!" అని ఏడ్చినవాళ్ళని నేనే చూశాను. అందులో ఒకణ్ణి నేను.

ఆ గరిటె ఓడ వంటగదిది. మేస్త్రి నాన్న రేవులో పాత ఓడలకి తుప్పు గోకే పని చేసేవాడు. ఒకసారి ఓడని అమ్మకానికి పెడుతున్నారని పైనుంచి కింది దాకా రంగు కొట్టారు. కొత్త పెళ్ళికూతురిలా ఉంది ఓడ. ఆయన దాని డెక్కు మీద నడుస్తూ నడుస్తూ కనబడకుండా పోయాడు. కేక కూడా లేదట. రంగు ఉంది, కింద ఇనుము లేదు. అప్పటికి మేస్త్రికి మీసం కూడా రాలేదు. తండ్రిని పైకి తీసుకొచ్చిన దారిలో ఓడ వంటగది ఉంటే, చేతికందిన ఆ గరిటెతో అడుగడుగునా కొట్టి, పలికిన చోటే అడుగు వేసుకుంటూ బయటికొచ్చాడు. అది మళ్ళీ కింద పెట్టలేదు. ఇంట్లో కొన్న బిందెని కొట్టి చూస్తాడు, అద్దెకు తీసుకున్న మంచాన్ని కొట్టి చూస్తాడు.

"నన్నూ నుదుటి మీద ఒకటి వేసి చూసే చేసుకున్నాడు" అనేది భార్య.

"టంగ్ మంది. అందుకే ఉన్నావు" అనేవాడు మేస్త్రి.

ఆ భార్యకి ఒక తమ్ముడు. ఊరంతా అతన్ని అద్దం అంటారు. అసలు పేరు వాళ్ళక్కకి తప్ప ఎవరికీ గుర్తులేదు. కార్లకి రంగు వేస్తాడు. అతను రంగు వేసిన కారులో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. నా రెండో కారుకి రంగు వేసింది అతనే. నా ముఖంలో ఏనాడూ లేని అందం దాని బానెట్‌లో కనబడుతుంది. మనిషి సరదా, మాటకారి, చేయి మహా శుభ్రం. ఒకే షెడ్డులో ఇటు బావ కోస్తాడు, అటు బావమరిది కప్పుతాడు. ఇద్దరికీ ఒకటే వాకిలి, ఒకటే వంటిల్లు, ఒకటే పోరు.

"పైన పటారం, లోన లొటారం" అనేవాడు మేస్త్రి.

"లోన ఎవడు చూస్తాడు బావా? నీకొక్కడికే పనీపాటా లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"తుప్పుకి ఆకలి తీరదురా. కప్పితే నిద్రపోతుందనుకుంటున్నావు. చీకట్లో ఇంకా తింటుంది."

"నువ్వు కారుని బాగుచెయ్యడం లేదు బావా, పోస్టుమార్టం చేస్తున్నావు."

ఇది వేళాకోళంగానే చాలాకాలం నడిచింది. ఒకనాడు ముదిరింది. అద్దం రంగు వేసి ముగించిన కారుని యజమాని మురిపెంగా చూసుకుంటుంటే, మేస్త్రి వెనకనుంచి వచ్చి గరిటెతో తలుపు మీద కొట్టాడు. దబ్ మంది. మళ్ళీ కొట్టాడు. రంగు పెంకులా లేచిపోయి, లోపలినుంచి లప్పం ముద్ద యజమాని బూటు మీద పడింది. యజమాని అద్దం కాలర్ పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమంది. అద్దం వాకిలి మధ్యన గోడ కట్టడానికి ఇటుకలు దించాడు. అప్పుడు ఆ అక్క ఇటుకల కుప్ప మీద కూర్చుని అంది:

"నా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే కప్పు కింద ఉన్నాయి. గోడ కడితే నేను ఏ పక్కన ఉండాలి? ఇద్దరూ కలిసి చెప్పండి, అటే పోతాను."

ఆమె షెడ్డుకి వెళ్ళి, రంగు డబ్బాలో కుంచె ముంచి, నేల మీద అడ్డంగా తెల్లటి గీత గీసింది. ఇటు మేస్త్రి, అటు తమ్ముడు. గీత దాటి అటు వెళ్ళి, రంగు వేయించుకున్న కారు మీద ఇక గరిటె పడకూడదు. అది ఆ ఇంటి చట్టం. మేస్త్రి భార్య చేతిలో చెయ్యి వేసి ఒప్పుకున్నాడు. ఇటుకలు పక్కకి పేర్చి వాటి మీద నీళ్ళ డ్రమ్ము పెట్టారు. ఏళ్ళు గడిచాయి. గీత చెరిగినప్పుడల్లా మళ్ళీ వేసేవారు. మాట చెరగలేదు.

అద్దానికి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. మేస్త్రి దంపతులకి పిల్లల్లేరు. కాబట్టి ఆ పిల్ల ఇద్దరి చేతుల్లోనూ పెరిగింది. రంగుల డబ్బాల మధ్య తండ్రి దగ్గర పాకింది, సుత్తుల మధ్య మామయ్య దగ్గర నడిచింది. మేస్త్రి ఎవరితోనైనా పొడి పొడిగా మాట్లాడతాడు గాని, 'కోడలా' అని పిలిచేటప్పుడు మాత్రం గొంతులో నూనె వేసినట్టుండేది. పెద్దయ్యాక ఆ పిల్ల కారు నడపడం నేర్చుకుంది. రేవులో దిగినవాళ్ళనీ, ఊళ్ళో జబ్బుచేసినవాళ్ళనీ కొండమీది ఆసుపత్రికి చేర్చే పని. కొండరోడ్డంటే మామూలు రోడ్డు కాదు. ఒక పక్క రాయి, ఒక పక్క గాలి. మలుపు తిరిగేటప్పుడు మన కారు వెనక నంబరు ప్లేటు మనకే కనబడుతుంది.

ముందు వేరేవాళ్ళ కారు నడిపింది. తర్వాత సొంతంగా ఒకటి కొనుక్కుంది. పై ఊరినుంచి బ్రోకరు తెచ్చిన పాత కారు, నల్లటిది. ఇంజను బాగుంది. తండ్రి మురిసిపోయాడు. "నల్లరంగేమిటే, శవాల బండిలా? ఆకాశంలా చేసిస్తాను చూడు" అన్నాడు. కారు వీధిలోంచి సరాసరి గీతకి అటువైపు వెళ్ళింది. ఇటువైపు ఆగలేదు. ఆగడానికి కారణం లేదు. ఎక్కడా సొట్ట లేదు, పొక్కు లేదు. అద్దం పైరంగుని గరుకు కాగితంతో రుద్దుతూ, తలుపుల కింద చెయ్యి ఆనించి చూసి మెచ్చుకున్నాడు.

"బావా, ఎవడు పెట్టాడో గాని ఇక్కడ లప్పం పని, చెయ్యి మంచిది. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో నాకే తెలియడం లేదు."

మేస్త్రి తల ఎత్తాడు. "లప్పం ఉందా? ఎంత మేర?"

"అబ్బా, మళ్ళీ మొదలెట్టకు. గీత అటు ఉంది చూడు."

మేస్త్రి గీతని చూశాడు. చేతిలో గరిటెని చూశాడు. తీసుకెళ్ళి మేకుకి తగిలించాడు.

కారు నీలంగా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది. అంత నీలం మా ఊరి ఆకాశానికి కూడా లేదు. పిల్ల దాన్ని తుడిచి తుడిచి మురిసేది. కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున షెడ్డు ముందు ఆపి లోపల మామయ్యతో మాట్లాడుతుంటే, మేస్త్రి చూపు దాని మీదినుంచి జారి డ్రైవరు తలుపు కింద ఆగిపోయింది. ఆ తలుపు కింద పొడుగునా ఉండే ఇనప పెట్టెని అతను గడప అంటాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య కారు బరువంతా మోసేది ఆ గడపే. అక్కడ నీలం రంగు మీద ఆవగింజంత పొక్కు.

"కోడలా, ఈ కారు ఒక రెండు రోజులు నా దగ్గర వదులు."

"ఎందుకు మామయ్యా?"

"ఊరికే. చూసుకోవాలనిపించింది."

"పొద్దున్నా సాయంత్రం చూస్తూనే ఉన్నావుగా. కారుని చూస్తావా, కోసి ఆవకాయ ముక్కలు చేస్తావా? నాకు తెలీదా నీ చూపు!" అని నవ్వి వెళ్ళిపోయింది.

అద్దాన్ని అడిగాడు. "ఆ గడప దగ్గర ఒకసారి చూడరా."

అద్దం నవ్వలేదు. "అది నా కూతురి కారు బావా. ఊళ్ళోవాళ్ళ పని సరిగ్గా చెయ్యలేదన్నావు, పడ్డాను. నా కూతురి కారుకి నేను తక్కువ చేస్తానా?"

తక్కువ చెయ్యలేదు. అది నిజం. ఉన్న రంగుల్లో మేలైన రంగు తెచ్చి, ఒక పూతకి రెండు పూతలు వేసి, పసిపిల్లకి స్నానం చేయించినట్టు చేశాడు. అంత బాగా చేశాడు కాబట్టే ఆ పొక్కు అంత ఆలస్యంగా బయటపడింది.

ఆవగింజ కందిగింజ అయింది. కారు కడిగిన రోజున, ఒళ్ళంతా ఆరిపోయాక కూడా గడప కింది నుంచి చుక్క చుక్కగా గోధుమరంగు నీళ్ళు కారేవి. మేస్త్రి ఆ చుక్కల్ని వేలితో తాకి వాసన చూసేవాడు. భోజనం దగ్గర కూర్చుని కంచం అంచు మీద గోటితో కొట్టుకునేవాడు. భార్య ఒకసారి అడిగింది.

"ఏమిటి ఆ వాయించడం?"

"నీ మాట వెనక్కి తీసుకోకూడదా?"

ఏ మాటో చెప్పనవసరం లేకపోయింది. ఆమె వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. "ఇటుకలు ఇంకా అక్కడే ఉన్నాయి" అంది.

అతను వాయించడం మానేశాడు. తుప్పు మాత్రం పని మానలేదు. తలుపు చప్పుడు మారింది. మొదట్లో మెత్తగా థప్ మని పడే డ్రైవరు తలుపు, ఇప్పుడు కాస్త పైకెత్తి తోస్తేగాని పడటం లేదు. "ఇదీ మా అత్తలాగే మామయ్యా, బతిమాలితేగాని పలకదు" అనేది పిల్ల. ఒకరోజు కొండమీద టైరు పంచరైతే జాకీ తీసుకెళ్ళడం మరిచిపోయి అవస్థపడ్డానని చెప్పింది. లారీ మనుషులు నలుగురు కారుని వెనకనుంచి ఎత్తి పట్టుకుంటే టైరు మార్చుకుందట. మేస్త్రి మండిపడ్డాడు.

"జాకీ లేకుండా కొండెక్కుతావా? బుర్ర ఎక్కడ పెట్టావు? రేపు వెళ్ళేటప్పుడు ఇక్కడ ఆగి నా జాకీ తీసుకుపో!"

మర్నాడు తెల్లవారినప్పటినుంచీ వాన. కొండ కనబడటం లేదు, దాని బదులు బూడిదరంగు గోడ ఉంది. నేను గొడుగు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. నా కారు హారను నొక్కితే ఆగకుండా ఏడుస్తోందని చెప్పడానికి. నీలం కారు వచ్చి షెడ్డు ముందు, గీతకి అటువైపుగా ఆగింది. లోపల ఒక ముసలాయన, ఆయన భార్య, వాళ్ళ కూతురు. ముసలావిడ ఒళ్ళో దిండు, ఆయన చేతిలో ఆసుపత్రి సంచి. పిల్ల ఇంజను ఆపకుండా కిటికీ దించి కేకేసింది.

"మామయ్యా, జాకీ ఇలా కిటికీలోంచి అందించు!"

మేస్త్రి జాకీ పట్టుకుని తడుస్తూ వెళ్ళాడు. "దిగి డిక్కీలో పెట్టుకో. ఒళ్ళో పెట్టుకుంటావా?"

"దిగలేను మామయ్యా. వీళ్ళంతా ఎక్కి కూర్చున్నాక నా తలుపు రాదు. వాళ్ళు దిగాకే వస్తుంది. కొత్తగా మొదలైందిలే ఈ వేషం."

వాన మేస్త్రి పోయిన కనుబొమ్మ మీదుగా కంట్లోకి కారుతోంది. తుడుచుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదు రోజులు. ఏం?"

నాకప్పుడు అర్థం కాలేదు, తర్వాత చెప్పాడు. మనుషులు ఎక్కితే తలుపు బిగుసుకుంటోందంటే తలుపుది తప్పు కాదు. బరువుకి కారు నడుము వంగుతోంది. పుల్లని రెండు చేతులా పట్టుకుని వంచుతూ పోతే ఏదో ఒక చోట టప్ మంటుంది కదా. ఆ చోటు షెడ్డు ముందా, కొండ మలుపులోనా అన్నది ఒక్కటే తేలాలి.

మేస్త్రి జాకీని బురదలో వదిలేసి లోపలికి నడిచాడు. మేకుకున్న గరిటె తీశాడు. అద్దం స్ప్రే గన్ను కడుక్కుంటున్నాడు.

"బావా, గరిటె ఎక్కడికి?"

మేస్త్రి గీత దాటాడు.

"బావా, అది నేను రంగు వేసిన కారు. నిన్నే! మాటంటే మాటే. దాని మీద గరిటె పడిందంటే ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు. అక్కా! అక్కా, ఇలా రా, మీ ఆయన్ని చూడు!"

ఆమె వాకిట్లోంచి పరుగున వచ్చి షెడ్డు వెనక గుమ్మంలో నిలబడింది. మొగుడి చేతిలో గరిటెని చూసింది. అతని ముఖం చూసింది. కారులోని పిల్ల నవ్వబోయి ఆగిపోయింది.

మేస్త్రి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, తడి రేకుకి చెవి ఆనించాడు. ముందు చక్రం దగ్గర కొట్టాడు. టంగ్. జానెడు జరిగాడు. దబ్. ఇంకో జానెడు. దబ్. తలుపు నడిమధ్యకి వచ్చాడు. గరిటె పైకి లేచి పడటం నేను చూశాను. చప్పుడు మాత్రం వినబడలేదు. వాన చప్పుడుందే, అదొక్కటే.

మళ్ళీ కొట్టాడు. గరిటె కాడ ఆగలేదు. వెన్నలోకి దిగినట్టు మణికట్టు దాకా లోపలికి పోయింది.

"అమ్మలూ, ఇంజను ఆపు" అన్నాడు, చాలా మెల్లగా. పసిపాప నిద్రపోతుంటే పక్కగదిలో మాట్లాడినట్టు. "పెద్దవాళ్ళని అటువైపునుంచి దించు. ఒక్కొక్కరే. ఎవరూ కారుని కదపొద్దు, గెంతొద్దు."

దిగారు. వాళ్ళు దిగాక పిల్ల తలుపు దానంతట అదే థప్ మని తెరుచుకుంది. ముసలాయన ఆ కన్నంలోకి వంగి చూసి, తన మోకాలు ఒకసారి తడుముకున్నాడు.

"ఎలాగూ ఆసుపత్రికే కదమ్మా బయల్దేరాం. దారిలోనే చేర్పించేదానివి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయనతో సహా.

మేస్త్రి కన్నంలో చెయ్యి పెట్టి లాగాడు. బిస్కెట్టు ముక్కల్లా లప్పం ఊడి వచ్చింది. ముక్క అంచున నీలం, నీలం కింద నలుపు, నలుపు కింద తెలుపు, ఒకదాని మీద ఒకటి. తర్వాత ముద్దైపోయిన కాగితం. తర్వాత ఏదో గుడ్డ. గడప లోపల ఇనుము ఉండాల్సిన చోట దాన్ని కుక్కి, దాని మీద లప్పం మెత్తి నున్నగా చేశారు. మేస్త్రి గుడ్డని బయటికి లాగి వానలో విదిలించాడు. అది చొక్కా. ఒళ్ళంతా రంగుల మరకలు. జేబు మాత్రం వేరే గుడ్డతో వేసి ఉంది, ఆకుపచ్చ దారంతో కుట్టు.

గుమ్మంలోంచి అక్క దిగి వచ్చింది. జేబుని వేళ్ళతో పట్టుకుని చూసింది.

"తెల్లదారం అయిపోయిందిరా ఆ రోజు" అంది తమ్ముడితో. "పచ్చదారంతో కుట్టానని నువ్వు నన్ను వేళాకోళం చేశావు. పారేశానన్నావే దీన్ని?"

అద్దం ఆ చొక్కాని చూస్తూ నిలబడ్డాడు. స్ప్రే గన్ను ఇంకా చేతిలోనే ఉంది, దాంట్లోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. ఈ కారు ఏనాడో అతని చేతికి వచ్చినప్పుడు తెల్లగా ఉండేదట. ఎవరో బ్రోకరు, ఎవరో మనిషికి అమ్మాలని తొందరపెడితే ఒక్క పూటలో చేసిచ్చాడు. తర్వాత ఎక్కడో ఎవరో దానికి నల్లరంగు వేశారు. పైపై రంగు మారింది గాని లోపల చొక్కా అతనిదే. తన చేతి పనిని తనే తడిమి, చెయ్యి మంచిదని మెచ్చుకుని, దాని మీద కూతుర్ని కూర్చోబెట్టాడు.

"ఎవడో కొనుక్కుంటాడు, ఎక్కడికో పోతుంది అనుకున్నాను బావా" అన్నాడు.

మేస్త్రి బురదలోని జాకీ తీసి, దాన్ని ఆనించాల్సిన చోటే గడప కింద ఆనించి తిప్పాడు. జాకీ లేచింది. కారు లేవలేదు. ఇనప తల కరకరమంటూ రేకుని నలుపుకుంటూ నేరుగా పైకి, లోపలి సీటు దాకా పోయింది. పిల్ల దాన్నే చూస్తోంది.

"మొన్న పంచరైనప్పుడు..." అని ఆగింది. "స్టెప్నీ బిగించేటప్పుడు ఒక నట్టు దొర్లి కారు కిందికి పోయింది మామయ్యా. నడుము దాకా కిందికి దూరి తీసుకున్నాను. జాకీ ఉండుంటే జాకీ మీదే నిలబెట్టి దూరేదాన్ని. నలుగురు మనుషులు పట్టుకున్నారు కాబట్టి..."

మేస్త్రి ఆమెని జాకీ మరిచిపోయినందుకు ముందురోజు ఎంత తిట్టాడో నేను విన్నాను. ఇప్పుడు ఆమె తల మీద చెయ్యి వేశాడు. చేతికి తుప్పు ఉంది, ఆమె జుట్టుకంటింది. రోజుల తరబడి ఆ పిల్ల తలస్నానం చేసినా ఆ ఎరుపు పోలేదని వాళ్ళత్త చెప్పేది. ఇది కూడా నా కుక్క కథలాంటిదేమో నాకు తెలియదు.

ఆ నెలంతా నీలం కారు గీతకి ఇటువైపు ఉంది. మేస్త్రి రెండు గడపలూ కోసేశాడు, నేల రేకు కోసేశాడు. చివరికి నాలుగు దిమ్మల మీద ఎముకలు మిగిలాయి. అద్దం దీపం పట్టుకుని పక్కన నిలబడేవాడు. జోకులు లేవు. వెల్డింగు నిప్పురవ్వలు చేతి మీద పడినా దీపం కదిలించేవాడు కాదు. ఒకసారి మాత్రం నేనుండగా అడిగాడు.

"బావా, ఇలాంటివి ఎన్ని చేసి ఉంటానంటావు?"

"నువ్వే చెప్పాలి."

"గుర్తులేదు బావా. రంగులు గుర్తున్నాయి, కార్లు గుర్తులేవు. రంగులేమో మార్చేసి ఉంటారు."

మేస్త్రి కోత ఆపాడు. తర్వాత లేచి, ఆ మూరెడు గరిటె తెచ్చి బావమరిది చేతిలో పెట్టాడు. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

"చెవి బాగా ఆనించు" అన్నాడు. "తొందరపడకు."

కారు మళ్ళీ కొండెక్కుతోంది. రంగు లేదు, ఎర్రటి ప్రైమరుతోనే తిరుగుతోంది. పిల్ల రంగు వద్దంది. "ఇలా ఉంటేనే కనబడుతుంది" అంది. ఎక్కేముందు రోజూ తనే మోకాలితో గడపని ఒకటి పొడిచి, విని, ఆ తర్వాత కూర్చుంటుంది. అద్దం షెడ్డులో ఉండటం తగ్గింది. సాయంత్రాలు వీధుల్లో తిరుగుతాడు, చంకలో గరిటె. ఎక్కడ కారు నిలిపి ఉంటే అక్కడ కూర్చుంటాడు, చెవి ఆనించి కొడతాడు. రెండుసార్లు దొంగ అని పట్టుకున్నారు. మేస్త్రి వెళ్ళి విడిపించుకొచ్చాడు. "దొంగ కాదండీ, వింటున్నాడంతే" అని చెబితే వాళ్ళు ఇంకా భయపడి వదిలేశారట. ఎక్కడైనా చప్పుడు రాకపోతే ఆ ఇంటి తలుపు కొడతాడు. కొందరు తిడతారు, కొందరు ముఖం మీదే తలుపు వేస్తారు. ఒకరిద్దరు మాత్రం కారు తోసుకుంటూ మేస్త్రి దగ్గరికి వచ్చారు. ఇద్దరి కార్లలోనూ గుడ్డలు దొరికాయి. జేబులు లేని గుడ్డలు.

ఇది రాస్తుండగా మబ్బు పట్టింది. సముద్రం వైపునుంచి గాలి లేచి, పెదవుల మీద ఉప్పగా తగులుతోంది. మా గోడ అవతల వీధిలో ఎవరో కొడుతున్న చప్పుడు. పక్కింటాయన కారు దగ్గర మొదలైంది. టంగ్, టంగ్. పర్వాలేదు, ఆయన అదృష్టవంతుడు. ఇప్పుడు ఆ చప్పుడు మా గేటు దాకా వచ్చింది. నా కారు గేటు బయటే ఉంది, బానెట్‌లో ముఖం చూసుకునే కారు. ముందు చక్రం దగ్గర టంగ్. తలుపు కింద దబ్.

నేను కలం ఆపి విన్నాను. ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు. కొట్టడం మానేశాడో, కొట్టినా ఏమీ అనలేదో తెలియలేదు. కిటికీలోంచి చూస్తే, అతను ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. చెవి ఆనించే ఉంది. గరిటె మళ్ళీ పైకి లేస్తోంది.